ఎనిమిదో పేజీ నెమ్మదిగా చదవండి

మార్చి 4

వదినగారికి నమస్కారం.

మీరంతా ఎలా ఉన్నారని మామూలుగా అయితే అడగాలి. ఈసారి అడగను. మీరెలా ఉన్నారో పొద్దున పేపర్లో చూశాను. నాలుగో పేజీలో, కింద మూలన, చిటికెన వేలంత జాగాలో వేశారు. మీ అరువు బీమా కంపెనీ దివాలా తీసిందట. కోర్టు దాన్ని మూసేయమందట. కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ళు కాగితాలు పెట్టుకోవాలట. సొంత వియ్యపురాలి కంపెనీ సంగతి నేను పేపర్లో చదివి తెలుసుకోవాలా?

వెంటనే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తింది మీరే. "వదినగారూ" అన్నాను. "ఏదైనా ఉంటే రాతపూర్వకంగా పంపండి మేడమ్" అని పెట్టేశారు. మేడమ్! మీ కొడుక్కి పిల్లనిచ్చిన మనిషిని నేను.

సరే, రాతపూర్వకంగానే రాస్తున్నాను. మన పిల్లల సంబంధం ఖాయం చేసుకున్న రోజు మా ముందు గదిలో కూర్చుని మీరన్న మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. నేను, "సరుకు అరువిచ్చాక డబ్బు చేతికొచ్చేదాకా గుండె దడే వదినగారూ" అన్నాను. మీరు టీ కప్పు కింద పెట్టి, "దానికే మా కంపెనీ ఉంది. కొన్నవాడు ఎగ్గొడితే నూటికి ఎనభై మేమిస్తాం. మీరు హాయిగా ఉండండి" అన్నారు. మూడేళ్ళు ప్రీమియం కట్టి హాయిగా ఉన్నాను. ఆ హాయిలోనే లాడ్జీలవాడికి ఆరువందల నలభై పరుపులు అరువిచ్చాను. వాడు నవంబర్లో తలుపులు మూశాడు. మీ దగ్గరికొచ్చాను. ఇప్పుడు మీరూ మూశారు.

పోనీ పరుపులైనా తెచ్చుకుందామంటే అవీ రావట. వాడి అప్పులవాళ్ళు లాడ్జీలకి తాళాలు వేశారు. మా షెడ్డులో పనిచేసే పదకొండు మందికీ ఇంకా ఏమీ చెప్పలేదు. కుట్టు మేస్త్రి మాత్రం నా మొహం వంక చూసి, "అమ్మా, ఈ నెల దారం పెద్ద రీలు కొనమంటారా, చిన్నదా?" అని అడిగాడు. చిన్నదే కొనమన్నాను.

మీ అబ్బాయికి దగ్గు తగ్గలేదని మా అమ్మాయి చెప్పింది. సిగరెట్లు మానేశానని మీతో అన్నాడట. మానలేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి.

ఇట్లు,
మీ మేడమ్


మార్చి 11

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అయితే నాకొక్కదానికే కాదు, ఆఫీసందరికీ అందింది. ఇక్కడికొచ్చే ప్రతి కవరూ హాల్లో మధ్య బల్ల మీద కోసి, ముద్ర కొట్టి, నంబరు వేస్తున్నారు. మీది 212. మావాడి దగ్గూ సిగరెట్లూ కూడా 212లోనే ఉన్నాయి. లిక్విడేటర్ గారు, అంటే మా కంపెనీ ఆస్తులమ్మి అందరికీ పంచడానికి కోర్టు వేసిన ఆయన, అది చదివి, "మీ అబ్బాయికి ఒకసారి ఎక్స్‌రే తీయించండమ్మా" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోన్లో అలా మాట్లాడినందుకు మన్నించండి. ఫోన్లన్నీ రికార్డవుతున్నాయి. అరవై మందిమి ఉండేవాళ్ళం, ఐదుగురిని ఉంచారు, వచ్చే కాగితాలు సర్దడానికి. డబ్బు రావాల్సినవాళ్ళలో చుట్టాలుంటే వాళ్ళతో మాట్లాడకూడదని మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. మీ ఫైలు నా దగ్గర ఉండదు. పక్క టేబులాయన చూస్తారు. మంచి మనిషే, కాస్త చెవుడు.

ఈ కవర్లో పదకొండు పేజీల ఫారం ఉంది. నింపి, పాలసీ నకలూ, లాడ్జీవాళ్ళు సరుకు అందుకున్నట్టు సంతకాలు చేసిన రసీదులూ కలిపి జూన్ ముప్ఫై లోపల పంపండి. ఒక్క రోజు దాటినా తీసుకోరు.

ఇంటి సంగతులు ఇంటికి రాయండి. చేతులెత్తి అడుగుతున్నాను.

ఆ రోజు మీ ముందు గదిలో అన్న మాట నేను నమ్మే అన్నాను.

మీ వదిన


మార్చి 20

వదినగారికి,

ఇది ఇంటికే రాస్తున్నాను. నంబరు వెయ్యకండి.

ఫారం చూశాను. మా ఆయన కళ్ళజోడు తుడుచుకుని మూడు పేజీలు పైకి చదివి, "ఇది నింపే ఓపికుంటే ఆరువందల నలభై పరుపులూ మళ్ళీ కుట్టొచ్చు" అని పడుకున్నారు. ప్రతి డెలివరీకీ వేరే రసీదు అడిగారు. పదహారు లాడ్జీలకి నలభై మూడు సార్లు వెళ్ళింది మా వ్యాను. కొన్ని చోట్ల సంతకం పెట్టినవాడి పేరు కూడా తెలియదు, ఒకటి రెండు చోట్ల వంటవాడు పెట్టాడు. వంటవాడి సంతకం చెల్లుతుందా? ఇది అడగొచ్చా, ఇదీ నేరమేనా?

మీకు కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని అల్లుడు చెప్పాడు. మా దగ్గర గట్టి పరుపు ఒకటి చేయించాను, లోపల కొబ్బరి పీచు, పైన పల్చగా దూది. రేపు మా వ్యానువాడు తెస్తాడు. ఇది ఆ గొడవకి సంబంధించింది కాదు. నడుం నడుమే, బాకీ బాకీయే.

మీ వదిన


మార్చి 29

వదినగారికి,

పరుపు వెనక్కి పంపించాను. ఈపాటికి చేరి ఉంటుంది.

ఈ ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను. క్లెయిమ్ పెట్టేవాళ్ళ దగ్గర కాఫీ కూడా తాగకూడదని రాసిచ్చాం. పరుపు మాటేమిటి! మీ వ్యానువాడు దాన్ని మూడో అంతస్తుకి మోసుకొచ్చి, నేను ఆఫీసునుంచి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి వెళ్ళిపోయాడు. నా ఇంట్లోకి నేనే వెళ్ళలేకపోయాను. దించడానికి ఇద్దరు మనుషుల్ని పిలిస్తే అది మెట్ల మలుపులో ఇరుక్కుంది. గంటసేపు పైవాళ్ళు పైనా, కిందివాళ్ళు కిందా ఆగిపోయారు. అందరూ, "అంత మంచి పరుపు ఎందుకు పంపించేస్తున్నారండీ" అని అడిగేవాళ్ళే.

లిక్విడేటర్ గారికి కూడా చెప్పాను. చెప్పకపోతే రేపు ఎవరైనా చెబుతారు, అప్పుడు మీ క్లెయిమే చెడుతుంది. మీ కోసమే చెప్పాను.

వంటవాడి సంతకం గురించి నేనేమీ చెప్పకూడదు. ఫారం ఎలా నింపాలో కూడా చెప్పకూడదు. ఒక్కటి మాత్రం అంటాను. ఎనిమిదో పేజీ నెమ్మదిగా చదవండి.

కోపం తెచ్చుకోకండి.

మీ వదిన


ఏప్రిల్ 9

ఆఫీసరు గారికి,

వదినగారని రాస్తే అదీ లంచం కిందికొస్తుందేమోనని ఇలా మొదలుపెట్టాను.

పరుపు చేరింది. ఒక మూల బూటు ముద్ర కూడా ఉంది. వియ్యపురాలు నడుం నొప్పికి పంపిన పరుపుని పెద్దసారుకి చెప్పి మరీ వెనక్కి పంపారు. మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తయ్యకి నువ్వు లంచం ఇచ్చావా?" అంది. ఎవరన్నారే అంటే మీ అబ్బాయి నవ్వుతూ అన్నాడట. నవ్వుతూ అన్నా అన్నట్టే కదా. అది మీ నోట రాకుండా అతని నోట ఎలా వస్తుంది?

ఎనిమిదో పేజీ నెమ్మదిగా చదవమన్నారు. నాకు చదువు రాదని మీకెవరు చెప్పారో నాకు తెలియదు. పదకొండు మందికి జీతాలిచ్చే మనిషిని. నెమ్మదిగానే చదివాను. రెండు గళ్ళున్నాయి. ఒకదాని పక్కన 'సొమ్ము వాపసు' అనీ, రెండోదాని పక్కన 'నష్ట పరిహారం' అనీ ఉంది. నష్ట పరిహారమంటే ఇల్లు కాలినవాళ్ళకీ, కాలు విరిగినవాళ్ళకీ. నాకెవరి పరిహారమూ వద్దు. నా సొమ్ము నాకు వాపసొస్తే చాలు. మొదటి గడిలో టిక్కు పెట్టి, నలభై మూడు రసీదులూ కుట్టి, ఆఫీసుకి పంపాను. మీ చెవిటాయన అందుకున్నారు.

ఇక మీకు రాయను.

పరుపుల షెడ్డు యజమానురాలు


ఏప్రిల్ 17

వదినగారికి,

మావాడితో నేను లంచం అన్న మాట అనలేదు. "మీ అత్తగారు పరుపు పంపారు, తీసుకోకూడదు" అన్నాను, అంతే. మిగతాది వాడి తెలివి. వాణ్ణి పిలిచి చివాట్లు పెట్టాను. ఇప్పుడు వాడు మాట్లాడటం లేదు. అమ్మాయీ ముభావంగానే ఉంది. "మీ ఇద్దరమ్మల బీమా గొడవ మా ఇంట్లోకి తేవద్దు" అని ఇద్దరూ కలిసి చెప్పారు. మీకూ చెప్పే ఉంటారు.

దయచేసి నాకు రాయండి.

మీ వదిన


జూలై 18

వదినగారికి,

రాయనన్నాను. రాయక తప్పడం లేదు.

నిన్న మీ ఆఫీసునుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. మా ఆయన సంతకం పెట్టి, చింపి, "ఒప్పుకున్నారే, ఒప్పుకున్నారే!" అని షెడ్డులోకి పరిగెత్తుకొచ్చారు. మిషన్లు ఆపి అందరూ మూగారు. కుట్టు మేస్త్రి చప్పట్లు కొట్టాడు. నేను కాగితం తీసుకుని చదివాను. 'మీ క్లెయిమ్ ఆమోదించబడినది. పాలసీలో మిగిలిపోయిన మూడు నెలలకు మీరు కట్టిన ప్రీమియం వాపసుకు మీరు అర్హులు.' కింద వేసిన అంకెకి రెండు పరుపులొస్తాయి. దిండ్లు రావు.

ఆరువందల నలభై పరుపుల సొమ్ము అడిగితే రెండు పరుపులు ఒప్పుకున్నారు! అందరి ముందూ మళ్ళీ పైకి చదవమన్నారు మా ఆయన. కాగితం ఆయన చేతిలోనే పెట్టేశాను. ఆ పూట మిషన్లు మళ్ళీ మొదలవలేదు.

పక్క టేబులాయనకి ఫోన్ చేశాను. ఆరుసార్లు "ఆఁ?" అన్నాక చెప్పాడు. 'సొమ్ము వాపసు' అంటే ప్రీమియం వాపసట. లాడ్జీవాడు ఎగ్గొట్టింది కావాలంటే 'నష్ట పరిహారం' గడిలో టిక్కు పెట్టాలట. ఇప్పుడు పెడతానంటే జూన్ ముప్ఫై దాటిపోయిందట. మరి నలభై మూడు రసీదులు కుట్టి పంపానే, అవి ఎందుకు పంపాననుకున్నారు, విసనకర్రకా?

ఇది మీకు తెలుసు. అందుకే నెమ్మదిగా చదవమన్నారు. తెలిసి కూడా, 'రెండో గడిలో టిక్కు పెట్టు' అని నాలుగు ముక్కలు చెప్పడానికి నోరెందుకు రాలేదు? ఉద్యోగం అంత ముద్దా? మూసేసిన కంపెనీలో ఉద్యోగం!

నిన్న సాయంత్రం నలుగురిని పని మానిపించాను. వాళ్ళలో ఒకామె మా అమ్మాయి పుట్టకముందు నుంచీ ఉంది. ఆమెకి ఏం చెప్పానో అడగండి. "ఫారం తప్పు నింపాను" అని చెప్పాను.

సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.


జూలై 26

వదినగారికి,

మీరన్నవన్నీ నిజమే. ఇంకా ఉంది, మీకు తెలియనిది.

మా కంపెనీ మూసేసేనాటికి నాకు ఏడు నెలల జీతం రావాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసుకి రావాల్సినదీ ఉంది. నేను కూడా మీలాగే ఫారం నింపి పెట్టుకున్నాను. పంచేటప్పుడు ముందు పాలసీలు తీసుకున్నవాళ్ళకి ఇస్తారు. ఏమైనా మిగిలితే ఆ తర్వాత వరుసలో మాకు. అంటే మీ వరుసలో ఒప్పుకున్న సొమ్ము ఎంత పెరిగితే మాకు అంత తరుగుతుంది. ఇది మీకెప్పుడూ చెప్పలేదు. చెబితే సానుభూతి అడిగినట్టుంటుందని ఊరుకున్నాను. మావాడికి కూడా తెలియదు. ఇప్పుడు కాగితాలు సర్దుతున్నందుకు ఇచ్చేది ఇంటి అద్దెకే సరి. జీతం ఆగినప్పటినుంచి గాజులు అమ్ముకుని తింటున్నాను.

ఏప్రిల్లో మీ ఫారం పక్క టేబులు మీద కనిపించింది. ఎనిమిదో పేజీ పైకే ఉంది. టిక్కు తప్పు గడిలో ఉందని చూశాను. గడువు ఇంకా రెండున్నర నెలలుంది. పోస్టుకార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. నిబంధన ఒప్పుకోదని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే అది నిబంధనో, నా ఏడు నెలల జీతమో, మీరు ఆఫీసరు గారని రాసిన కోపమో, ఏదో తేల్చుకోలేకపోతున్నాను. మూడూ కావచ్చు.

నిన్న లిక్విడేటర్ గారి దగ్గరికెళ్ళి చెప్పాను, తప్పు టిక్కు చూసీ ఊరుకున్నానని. మీ ఒక్కరి ఫారం చాలదని మిగతావీ తిరగేశాను. అదే గడిలో టిక్కు పెట్టి, లోపల రసీదుల కట్టలు పెట్టినవాళ్ళు ఇంకా ముప్ఫై ఒక్కరున్నారు. మేకులవాళ్ళు, రంగులవాళ్ళు, డబ్బాలు చేసేవాళ్ళు. అందరూ మీలాగే సొమ్ము కావాలనుకున్నవాళ్ళు.

నిర్ణయం మీద అభ్యంతరం చెప్పడానికి ముప్ఫై రోజుల గడువుంది. వెంటనే రాయండి. రసీదులు గడువులోపలే చేరాయని రాయండి. 'సొమ్ము వాపసు' అన్న మాటకి మీరేం అర్థం చేసుకున్నారో నాకు రాసినట్టే రాయండి. ఇల్లు కాలినవాళ్ళూ, కాలు విరిగినవాళ్ళూ అన్నది కూడా రాయండి. అందరిదీ కలిపి ఆగస్టు ఇరవై ఎనిమిదిన విచారణ. మీరే రండి, బావగారిని పంపకండి.

ఇంకో సంగతి ఉంది. అది చెప్పాల్సిన చోట చెబుతాను.

మీ వదిన


సెప్టెంబర్ 2

వదినగారికి,

మీరు ఎవరిని అడిగి ఈ పని చేశారు?

విచారణలో ఉన్నారు కాబట్టి మీకు తెలుసు, అయినా రాస్తాను. రాయకపోతే నాకు తిక్క తగ్గదు. ఆ ఇరుకు గదిలో పన్నెండు కుర్చీలకి ముప్ఫై మందిమి. నా వంతు వచ్చింది. ఆయన, "ఫారం తప్పుగా ఎందుకు నింపారమ్మా?" అన్నారు. "తప్పుగా నింపలేదండీ. నా సొమ్ము నాకు కావాలి. మీరు సొమ్ము వాపసు అని రాశారు. అది వదిలేసి ఇంకెక్కడ టిక్కు పెట్టను?" అన్నాను. వెనక మేకులాయన గట్టిగా నవ్వాడు. లిక్విడేటర్ గారు నవ్వలేదు. "ఫారంలో మాటలు స్పష్టంగానే ఉన్నాయి" అన్నారు.

అప్పుడు మీరు లేచారు, గోడ వారనుంచి.

"స్పష్టంగా లేవు సార్. ఎనిమిదో పేజీ రాసింది నేను. ఒక్క పూటలో రాసిమ్మంటే రాశాను. 'ప్రీమియం వాపసు' అని రాయాల్సినచోట 'సొమ్ము వాపసు' అని రాశాను. ముప్ఫై రెండు మంది ఒకే తప్పు చేస్తే అది వాళ్ళ తప్పు కాదు, రాసినదాని తప్పు."

ఆయన కళ్ళజోడు తీసి, "ఈమె మీ వియ్యపురాలు కదూ?" అన్నారు.

"అవును సార్. 212."

"ఈ ముప్ఫై రెండూ ఒప్పుకుంటే మీ ఉద్యోగుల వరుసకి ఏం మిగులుతుందో తెలుసా?"

"ఇరవై ఆరేళ్ళు క్లెయిములే చూశాను సార్. ఆ లెక్క నాకొచ్చు" అని కూర్చున్నారు.

ఆయన చాలాసేపు రాసుకున్నారు. ముప్ఫై రెండూ మళ్ళీ తెరుస్తామన్నారు. అందరూ లేచి ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు తడుతున్నారు. నేను మీకోసం చూస్తే మీరు లేరు. వెనక మెట్లమీంచి దిగిపోయారట. పక్క టేబులాయన చెప్పాడు, ఆ సాయంత్రంతో మీ పని అయిపోయిందట. తన మాటల మీదే తగువు నడుస్తున్న మనిషిని ఉంచకూడదట.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబుతూ ఏడ్చాను. ఏడుపుకంటే కోపమే ఎక్కువ. పోస్టుకార్డు రాయాల్సినప్పుడు రాయరు, ఉద్యోగం పోయేలా మాత్రం లేచి నిలబడతారు. మధ్యలో ఏదీ రాదా మీకు? గాజులమ్ముకుంటున్నానని ముందే చెబితే నా నోరు అంత లేచేదా? పని మానిపించిన ఆ నలుగురితో అన్న మాటలు మళ్ళీ వెనక్కి తీసుకోలేను. చదువు రాదనుకున్నారా అని నేను, చుట్టరికం పట్టదని మీరు, ఆరు నెలలు కొట్టుకున్నాం. ఎవరికి ఒరిగింది?

అమ్మాయీ అల్లుడూ నిన్న వచ్చారు. మీ జీతం సంగతి నేనే అల్లుడికి చెప్పాను. కోప్పడితే కోప్పడండి.

మీ వదిన


సెప్టెంబర్ 15

వదినగారికి,

నాకు దండలు వెయ్యకండి, శాపాలూ పెట్టకండి. ఆ ఉద్యోగం ఎలాగూ డిసెంబరుకి అయిపోయేదే. నేను చెడగొట్టినదాన్ని నేను సరిచేశాను, అదీ ఆలస్యంగా. ఆ నలుగురికి మీరు ఉద్యోగాలు తిరిగివ్వగలరా? లేదు కదా. కాబట్టి నేను చేసింది గొప్ప పనేం కాదు.

మావాడు వచ్చి డబ్బు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మీరు చెప్పడం తప్పే. అయినా చెప్పారు కాబట్టి బియ్యం కొన్నాను.

మీ వదిన


జూన్ 12

వదినగారికి,

మొదటి విడత వచ్చింది. నాకు ఒప్పుకున్నదాంట్లో నూటికి ముప్ఫై నాలుగు. మిగతాది కంపెనీ భవనం అమ్ముడైతేనట. దూది వ్యాపారికి ఇవ్వాల్సింది ఇచ్చేశాను. షెడ్డు సగం అద్దెకిచ్చాను, ఇవతల సగంలో ఎనిమిది మంది కుడుతున్నారు. మానిపించిన నలుగురిలో ఒక్కామె తిరిగొచ్చింది. మా అమ్మాయి పుట్టకముందునుంచీ ఉన్నామె రాలేదు. కూతురి దగ్గరికెళ్ళిపోయిందట. నేను వెళ్ళి పిలిచాను, తలుపు దాకా వచ్చింది, రాలేదు.

మీ వరుసకి ఏమైనా వచ్చిందా? సున్నా అని అల్లుడన్నాడు. నిజమా?

ఇక అసలు సంగతి. నర్సింగ్ హాస్టళ్ళు నడిపే ఒకాయన వచ్చాడు. మూడువందల పరుపులు కావాలట, డబ్బు తొంభై రోజుల తర్వాత. మాట తియ్యగా ఉంది. మా ఆయనకి తెగ నచ్చాడు. పెద్ద ఆర్డరు వచ్చి ఏడాది దాటింది, నా మనసు అటే లాగుతోంది. ఆయనిచ్చిన రెండేళ్ళ లెక్కల నకళ్ళు ఈ కవర్లో పెట్టాను. ఎవడు కడతాడో ఎవడు ఎగ్గొడతాడో ఇరవై ఆరేళ్ళు చూసిన కళ్ళు మీవి. ఇప్పుడు మీకు ఏ నిబంధనా లేదు. చెప్పండి, ఇవ్వనా?

ఊరికే చెప్పమనడం లేదు. ఎవరికి అరువివ్వాలో, వసూలు ఎలా చెయ్యాలో చూసే మనిషి మా షెడ్డుకి కావాలి. జీతం పెద్దగా ఇవ్వలేను. కుర్చీ మాత్రం మంచిది వేయిస్తాను.

మీ వదిన


జూన్ 17

వదినా,

ఇవ్వకండి.

ఏడాదిలో నాలుగు హాస్టళ్ళు తెరిచాడు, చేతిలో రొక్కం సగానికి పడిపోయింది. మంచాలవాడికే ఎనిమిది నెలలుగా బాకీ. ఆ సంగతి రెండో కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. సగం డబ్బు ముందిమ్మనండి. ఇస్తే నూట యాభై చెయ్యండి. ఇవ్వకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా పంపించెయ్యండి. బావగారిని ఆ పూట షెడ్డులోకి రానివ్వకండి.

మా వరుసకి సున్నాయే. నిజమే.

గురువారం పొద్దున వస్తాను. మీరు ఇప్పుడు అరువిచ్చినవాళ్ళ పేర్లూ, ఎప్పుడిచ్చారో, ఎవరు సంతకం పెట్టారో, అన్నీ బల్ల మీద పెట్టి ఉంచండి. వంటవాళ్ళ సంతకాలు ఇక చెల్లవు. కొందరి మీద మీరు జాలి పడతారు, నేను పడను, మనిద్దరం రోజూ పోట్లాడుకుంటాం. దానికి సిద్ధపడే పిలవండి.

జీతం ఎంతైనా పరవాలేదు. కానీ నెల మొదటి తారీఖున చేతిలో పెట్టాలి. నాకు మాత్రం అరువు పెట్టకండి.

మీ వదిన